గోడలు తర్వాత

నాలుగూ అయిదుకి బస్సు కదిలింది. అయిదింటికి చివరి స్టాపు. అయిదింటికే ఆమె ఫోనులోంచి ఒక్క మాట వెళ్లాలి, అవును అనో కాదు అనో. మధ్యలో ఉన్నవి యాభై అయిదు నిమిషాలు. ఈలోగా సొంత అన్నయ్య దొంగో కాదో ఆమె తేల్చుకోవాలి. ఆ అన్నయ్య ఎదురుగానే ఉన్నాడు, స్టీరింగు ముందు, ఖాకీ చొక్కాలో, మెడ మీద తువ్వాలుతో, మోచేతికి ప్లాస్టరుతో. ముందు తలుపు పక్కన మొదటి సీటులో ఆమె కూర్చుంది. ఎక్కేటప్పుడు ఆమె నోరు విప్పలేదు, అతను తల తిప్పలేదు, అయినా "ఏమే పిచ్చుకా, పట్టపగలు నా బండెక్కావేంటి? ఆఫీసులోంచి గెంటేశారా?" అన్నాడు. అద్దంలో చూసి ఉంటాడనుకుంది. "నీతో మాట్లాడాలన్నయ్యా" అంటే "చివరి స్టాపులో" అని తల పైనున్న బోర్డు వైపు వేలు చూపించాడు. బండి నడుచుచుండగా డ్రైవరుతో మాట్లాడరాదు. ఆ బోర్డు రాసినవాడికి చెల్లెలు ఉండి ఉండదు. ఉంటే, అడగాల్సిన ముక్క గొంతులో పెట్టుకుని యాభై అయిదు నిమిషాలు గుటకలు మింగడం ఏమిటో వాడికి తెలిసేది.

ఏమని అడగాలి అసలు? అన్నయ్యా, నువ్వు ఆటలో మోసం చేస్తున్నావా? యాభై ఒక్కేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని, ఇరవై మూడేళ్లుగా పదకొండో నంబరు బస్సు తిప్పుతున్నవాణ్ణి అడిగే మాటేనా ఇది? కానీ జాబితాలో ఉంది. ఫోను తెరిచి మళ్లీ చూసింది, ఇప్పటికి పదిసార్లు చూసింది, చూసినంత మాత్రాన చెరిగిపోతుందా? రెండువందల ఏడో వరుస. ఆటగాడి పేరు: పదకొండు. పైన రెండువందల ఆరుగురు, కింద రెండువందల అయిదుగురు, వెరసి నాలుగువందల పన్నెండు మంది దొంగలు, కావలి పట్టుకున్న దొంగలు. కావలి అంటే మనిషి కాదు, ఆఫీసులో రాసుకున్న ప్రోగ్రాం. దానికి తెలిసిన నీతి ఒక్కటే. గోడ అవతల మనిషి ఉన్నాడని గోడ ఇవతలివాడికి ఎలా తెలుస్తుంది? తెలిసి, వాడు కనపడకముందే తుపాకీ అటు తిప్పాడంటే గోడల్లోంచి చూపించే దొంగ సరుకేదో పెట్టుకున్నాడన్న మాట. పదిసార్లు అలా తిప్పితే జాబితాలోకి. "లెక్క సింపుల్" అంటాడు కెప్టెన్. ఆఫీసు అతనిదే. ఉన్నది నలుగురు, అందులో అందరూ అతన్ని కెప్టెన్ అనే పిలుస్తారు, ఓడ మునుగుతోందని తెలిశాక కూడా.

మునగడమంటే అలా ఇలా కాదు. నాలుగు నెలల కిందట కోటలో తొమ్మిది వేల మంది ఆడేవారు, నిన్నటికి పదకొండు వందలు. కోట అంటే వాళ్ల ఆట. ఒక కోట, అందులో రెండు జట్లు, ఒకళ్లనొకళ్లు వెతుక్కుంటూ కాల్చుకోవడం. ఇంకా పూర్తికాని కోట. మూడో అంతస్తు లేదు. తూర్పు బురుజు తలుపు తీస్తే అవతల నీలంగా శూన్యం, కాలు పెట్టినవాడు పడుతూనే ఉంటాడు. బావిలో నీళ్లు లేవు. పూర్తికాకుండానే జనంలోకి వదిలారు, ఆడుతూ ఉండండి, మేం కడుతూ ఉంటాం అని. వెళ్లిపోయేవాణ్ణి ఒక్కటే ప్రశ్న అడుగుతారు, ఎందుకు వెళ్తున్నావ్ అని. పదిమందిలో ఏడుగురు మోసం అని నొక్కారు. ఇంకేం, చేతికి దొరికింది కారణం అన్నాడు కెప్టెన్. దొంగల్ని ఏరేద్దాం, అయిదింటికి పేర్లతో సహా ప్రకటిద్దాం, పోయినవాళ్లు తిరిగొస్తారు. "ఫిర్యాదులు చదివేది నువ్వు, సరే అనాల్సిందీ నువ్వే." అక్కడే వచ్చింది చిక్కు. ఆమె చదువుతుంది కాబట్టి ఆమెకు తెలిసినవి కెప్టెన్‌కి తెలియవు. మోసం అని నొక్కినవాడే కింద రాసిన మాటలేంటి? మూడో అంతస్తు ఎప్పుడొస్తుంది? ఆ బురుజులోంచి పడీ పడీ విసుగొచ్చింది. నాకు ఉద్యోగం మారింది. ఇష్టం లేని పిలుపుకి ఒంట్లో బాగాలేదని చెప్పినట్టు మోసం అని నొక్కి పోతున్నారా, లేక నిజంగానే మోసానికి మండిపోయి పోతున్నారా? వెళ్లిపోయేవాడు చెప్పే కారణం ఎప్పుడైనా అసలు కారణమేనా? ఆమె మొదటి ఉద్యోగం మానేసినప్పుడు దూరాభారం అని రాసిచ్చింది. దూరం పది నిమిషాల నడక.

పీ. ఆగింది బస్సు. పీ పీ. కదిలింది. వెనక తలుపు దగ్గర కండక్టరమ్మ నిలబడి ఉంది, జుట్టు నెరిసిన లావుపాటి మనిషి, అన్నయ్య కన్నా నాలుగేళ్లు పెద్ద, అతను అక్కా అంటాడు. ఒక విజిల్ అంటే ఆగు, రెండంటే పోనీ. ఇది ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు, అన్నయ్య కొత్తగా చేరినప్పుడు ఇంట్లో కూడా విజిల్ వేస్తే తప్ప కంచం ముందునుంచి లేచేవాడు కాదు. కానీ ఇప్పుడు మధ్యలో ఇంకోటి వినపడుతోంది, చిన్నది, పొట్టిది, పిక్ మని. స్టాపు లేదు, ఎవరూ దిగడం లేదు, పిక్. ఎవరైనా ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారేమో. చెవిలోకి వెళ్లిందిగానీ మనసులోకి వెళ్లలేదు. మనసు ఫోనులో ఉంది.

పదకొండు ఆడిన ఆటలన్నీ ఆఫీసు యంత్రంలో భద్రంగా ఉంటాయి, కావాలంటే మళ్లీ చూసుకోవచ్చు. చూసింది, శబ్దం కట్టేసి, పక్క సీటు ముసలాయన చిరాకు పడకుండా. గోడ. గోడ ముందు పదకొండు. గోడ అవతలినుంచి ఒకడు వస్తున్నాడు, పదకొండుకి కనపడే వీలే లేదు, అయినా మెల్లగా తుపాకీ ఎత్తాడు, తలుపు వైపు తిప్పాడు, వాడు గడప దాటాడో లేదో ఢాం. ఇంకోటి. మెట్లు, పైన ఎవరో, ఢాం. ఇంకోటి. కన్నంలోనే దొరికిపోయిన దొంగలాగా దొరికిపోయాడు అన్నయ్య. అయ్యో, ఎందుకు చేశావురా నాయనా, ఈ వయసులో, ఎవరి మెప్పు కోసం? డ్యూటీల మధ్య రెస్టు షెడ్డులో పొద్దుపోవడం లేదంటే ఆటని అతని ఫోనులో ఎక్కించింది ఆమే. గెలిస్తే సాయంత్రం ఫోను చేసి చెప్పేవాడు, ఇవాళ తొమ్మిదిమందిని లేపేశానే అని. ఆమె మెచ్చుకునేది. ఆ తొమ్మిదిమందీ కోట వదిలిపోయి మోసం అని నొక్కి ఉంటారా? అంటే ఆట మునగడానికి వాళ్లింటి చెయ్యే సాయం పట్టిందా?

మోసం ఇతనికి కొత్తా? దాగుడుమూతల్లో ఎప్పుడూ అతనే పట్టుకునేవాడు. ఆమెకు ఆరేళ్లు, అతనికి ఇరవై ఒకటి, అంతవాడు చెల్లెలి కోసం స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టేవాడు. బీరువా వెనక దాక్కున్నా, మంచం కింద దూరినా, బియ్యం డబ్బా పక్కన ముడుచుకున్నా, తిన్నగా వచ్చేవాడు, దొరికావ్ అనేవాడు. వేళ్ల సందుల్లోంచి చూస్తున్నావ్ అని ఏడ్చేది. చూళ్లేదు అని ఒట్లు పెట్టేవాడు. ఆమె పెళ్లినాడు గానీ బయటపెట్టలేదు, ఒసే పిచ్చిదానా, ఏడాది పొడుగునా నీకు జలుబే కదే, నీ ముక్కు ఎగపీల్పు వీధి చివరికి వినిపించేది, కళ్లతో పనేముంది నాకు?

కళ్లతో పనేముంది. ఆమె చేతులు ఆగాయి. సంచీలోంచి ఇయర్‌ఫోన్లు తీసి చెవుల్లో పెట్టుకుంది. అదే ఆట, మొదటినుంచీ. ఈసారి కళ్లు మూసుకుంది. ఠక్... సర్. ఠక్... సర్. గోడ అవతలినుంచి, గోడే లేనంత స్పష్టంగా, పెట్టిన ప్రతి అడుగూ. వచ్చేవాడు ఎడమనుంచి వస్తున్నాడా కుడినుంచా, మెట్లెక్కుతున్నాడా దిగుతున్నాడా, తలుపుకి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడు, అన్నీ తెలుస్తున్నాయి, గుడ్డివాడికైనా తెలుస్తాయి. ఆ అడుగులు ఎవరివో కూడా ఆమెకు తెలుసు. రెండేళ్ల కిందట ఆఫీసులో చేరిన వారంలోనే, కోటకి కాలి చప్పుడు కావాలంటే, అన్నయ్యని ఇంటికి పిలిచి, పట్టీ సాగిపోయిన అతని తోలు చెప్పులతో వసారాలో అటూ ఇటూ ముప్పైసార్లు నడిపించింది. "బస్సు నడిపేవాణ్ణి నడిపిస్తున్నావు కదే" అని గొణుగుతూనే నడిచాడు. ఆ ఎడమ చెప్పే సర్ మని ఈడుస్తుంది. కోటలో తిరిగే ప్రతి సైనికుడూ అన్నయ్య కాళ్లతోనే తిరుగుతాడు. తాత్కాలికం, తర్వాత మంచివి పెడదాం అనుకుంది. శబ్దాల పని ఆమెది. గోడ అడ్డొస్తే చప్పుడు తగ్గాలి, ఎంత మందం గోడకి ఎంత తగ్గాలో ఒక్కో గోడకీ విడిగా చెప్పాలి, కోటలో ఆరువందల గోడలున్నాయి. ఆ రోజు నోటు పుస్తకంలో రాసుకుంది, తన చేత్తోనే, కింద గీత కూడా గీసింది. గోడలు తర్వాత.

ఆ తర్వాత రాలేదు. ఆట జనంలోకి వెళ్లిపోయింది. కందకి లేని దురద కత్తిపీటకా అన్నట్టు ఎవరూ అడగలేదు, ఆమే మర్చిపోయింది. జాబితాలో ఒక గడి ఉంది, ఇయర్‌ఫోన్లతో ఆడేవాళ్లకి టిక్కు. వేలితో లాగుతూ లెక్కపెట్టింది, తప్పింది, మళ్లీ పెట్టింది. నాలుగువందల పన్నెండు మందిలో మూడువందల డెబ్భై తొమ్మిది. మోసం అని నొక్కి పోయినవాళ్ల జాబితా తెరిస్తే, అందులో మూడొంతుల మందికి టిక్కు లేదు, చప్పుడు కట్టేసి ఆడేవాళ్లు, తమని చంపినవాడికి ఎలా తెలిసిందో పాపం తెలియనివాళ్లు. అయితే మిగతా ముప్పై ముగ్గురు? వాళ్లు నిజం దొంగలేనా? ఏమో, అయ్యుండొచ్చు. విన్నవాళ్లు మాత్రం దొంగలు కారా? వినపడకూడని దాన్ని విన్నారు కదా. వినపడుతుంటే చెవులు మూసుకుంటారా ఎవరైనా? దొంగతనం తలుపు తీసి ఉంచిన ఆమెదా, లోపలికి తొంగిచూసినవాడిదా? ఇంకో సంగతి. ఇవాళ గోడలు కట్టేస్తే, చెవులతో ఆడుతూ మిగిలిన ఈ నాలుగువందల మందీ అరే ఆటలో పస పోయింది అని వెళ్లిపోరా? వాళ్లు ఉన్నది ఆ తప్పు కోసమే అయితే? ఎవరు ఎవర్ని తరిమారు ఈ కోటలోంచి? పట్టుకునేకొద్దీ చేపలా జారుతోంది. నాలుగూ ముప్పై రెండు.

పోనీలే, అన్నయ్య దొంగ కాదు. అంతవరకూ తేలింది, గుండె మీదినుంచి గుండ్రాయి దిగింది, కిటికీలోంచి గాలి ఇప్పుడే వచ్చినట్టు తగిలింది. ఉత్సాహం ఆగలేదు, ఇంకో ఆట చూసింది, ఇంకోటి, ఇక పదకొండు ఎలా గెలుస్తాడని కాదు, ఎలా చస్తాడని. అరవై ఒక్కసార్లు చచ్చాడు ఈ నెలలో. ప్రతిసారీ ఎవడో ఒంగి, నక్కి, పిల్లిలా వచ్చినవాడే చంపాడు. ఒంగి నడిస్తే కోటలో చప్పుడుండదు. సరే, చప్పుడు లేకపోతే వినపడదు, న్యాయమే. కానీ కనపడాలి కదా? గది మధ్యలో, గోడా లేదు గుంజా లేదు, వెలుతురు ధారాళంగా ఉంది, ఆ ఒంగినవాడు తెర మీద స్పష్టంగా నడిచొస్తున్నాడు, పదకొండు ఎదుటికే చూస్తూ కదలకుండా నిలబడి ఉన్నాడు. ఢాం. ఇంకోటి, అంతే. అరవై ఒకటిలో యాభై ఎనిమిది. అన్నీ ఎడమనుంచే. తెర ఎడమ అంచునుంచి.

పిక్.

ఈసారి మనసులోకి వెళ్లింది. తలెత్తింది. ఎడమ పక్కన, తలుపు అవతల, సైకిలు మీద ఒకడు బస్సుకి ఆనుకుని పోతున్నాడు. అన్నయ్య స్టీరింగు రవ్వంత కుడికి లాగాడు. సైకిలువైపు చూడలేదు. మళ్లీ పిక్, కాయల బండి. మళ్లీ కుడికి. విజిల్ వస్తేనే. ఆమె వెనక్కి తిరిగింది. కండక్టరమ్మ వెనక తలుపులోంచి సగం మనిషి బయటికి వేలాడుతూ రోడ్డు ముందుకి చూస్తోంది, టికెట్ల సంచీ వీపు మీదికి తోసేసి. వీళ్ల మధ్య ఏముంది? ఎక్కేముందు ఆమె చూసి కూడా చూడనివి ఇప్పుడు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. బస్సు ఎడమ ఒంటి మీద మూరెడు పొడుగు గీత. తీగ చుట్టి కట్టిన ఎడమ అద్దం. ఎడమ మోచేతికి ప్లాస్టరు. ప్లాస్టరు దగ్గర ఆమె చూపు ఆగింది. నాన్న. నాన్నకి ఎప్పుడూ ఎడమ మోచేయే దోక్కుపోయేది. చెంబు ఎడమపక్కన పెడితే తన్నేసేవాడు. చూసుకుని నడవరు కదా అని అమ్మ కసిరేది, అందరూ నవ్వేవాళ్లు, ఆమె ఇంకా ఎక్కువ నవ్వేది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి పక్కచూపంతా పోయి, బొంగులోంచి చూసినట్టు మధ్యలో చిన్న చుక్క మిగిలింది. నొప్పి ఉండదు, మనిషికి తెలియను కూడా తెలియదు, కుటుంబంలో ఇంకొకరికి రావచ్చు, చూసుకోండి అన్నాడా డాక్టరు. చూసుకున్నారా? మొన్న డ్రైవర్లకి ఏటా చేసే కళ్ల పరీక్షలో అక్షరాలన్నీ గడగడా చదివేశానని అన్నయ్య గొప్పలు పోయాడు. ఆ బోర్డు ఎదురుగా ఉంటుంది. ఎడమనుంచి వచ్చేవాళ్ల సంగతి ఆ బోర్డుకేం తెలుసు?

కాదేమో. మనసు చిక్కుపడి ఏవేవో అల్లుతోందేమో. ఆటలో చచ్చిన చావుల్ని బట్టి కళ్లకి జబ్బు తేలుస్తారా ఎవరైనా? అరగంట కిందట ఇదే ఫోను చూసి దొంగ అనుకుంది, పావుగంట కిందట కాదనుకుంది, ఇప్పుడిది. కావలికీ తనకీ తేడా ఏముంది? లేచి నిలబడింది, కూర్చుంది. బస్సులో నలభైమంది. డ్రైవరుతో మాట్లాడరాదు. వెనక ఎవరో చిల్లర కోసం గొడవపడుతున్నారు, కండక్టరమ్మ గొంతు లోపలినుంచి వినిపిస్తోంది, లోపలినుంచి, అంటే ఆవిడ తలుపులో లేదు. సరిగ్గా అప్పుడు సందులోంచి వచ్చింది బ్యాటరీ స్కూటరు. ఇంజను లేదు, చప్పుడు లేదు, దాని మీద ఒకావిడ, ముందు చిన్నపిల్ల. అన్నయ్య ఎదుటికి చూస్తున్నాడు. ప్రశాంతంగా, హాయిగా, కోటలో ఆ గది మధ్యలో నిలబడ్డట్టే.

"అన్నయ్యా, ఎడమ!"

బ్రేకు. నలభైమంది ముందుకి పడి లేచారు. స్కూటరావిడ తిట్టిన తిట్లు కిటికీలోంచి వచ్చి పడ్డాయి, పిల్ల ఏడుపు కూడా. బతికున్న ఏడుపు. పక్క సీటు ముసలాయన "కళ్లు నెత్తినెక్కాయా డ్రైవరూ" అన్నాడు. అన్నయ్య మెడ వెనక చెమట కారడం ఆమెకు కనపడింది. తర్వాతి పది నిమిషాలూ ఆమె కూర్చోలేదు. ముందు తలుపు కడ్డీ పట్టుకుని నిలబడి, సైకిలు, ఆటో, కుక్క, గుంట, మళ్లీ సైకిలు అని చెబుతూనే ఉంది. ఎందుకు చెబుతున్నావని అతను అడగలేదు. అడగకపోవడమే ఆమెను చంపింది.

చివరి స్టాపు. జనం తిట్టుకుంటూ దిగిపోయారు. ఇంజను ఆగింది. అతను తాళం తీసి ఎడమ పక్కన ఇంజను మూత మీద, నీళ్ల సీసా పక్కన పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఆ తువ్వాలు కూడా అక్కడే పడేసి ఎదుటి అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఒంగి చెప్పులు విప్పి ఒక చేత్తో పట్టుకుంది. ఒంగి నడిస్తే చప్పుడుండదు. మూడడుగులు. అతని ఎడమ భుజానికి జానెడు దూరం. చెయ్యి చాచి తాళం తీసింది, గుప్పిట బిగించి, ఒక్క రవ్వ కూడా మోగకుండా.

"చెప్పులెందుకు తీశావే?" అన్నాడు, అద్దంవైపే చూస్తూ.

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "నా చేతిలో ఏముందో చెప్పు."

"చెప్పులు తీసినదాని చేతిలో చెప్పులుండక కిరీటం ఉంటుందా?"

"రెండో చేతిలో?"

తల తిప్పితే అయిపోయేది. తిప్పలేదు. తిప్పితే ఓడిపోతానని తెలిసినవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. "ఖాళీ" అన్నాడు చివరికి.

గుప్పిట విప్పి ఊపింది. గలగలా మోగింది తాళం, చెవి పక్కనే. అతని చెయ్యి ఇంజను మూత మీదికి పోయి తడిమింది. తువ్వాలు, సీసా, తర్వాత ఏమీ లేదు.

"ఎదురుగా ఉన్నది చీమైనా కనపడుతుంది, నీ మీదొట్టు" అన్నాడు.

"పక్కన?"

"అక్క ఊదుతుంది."

కండక్టరమ్మ వెనకనుంచి నడిచొచ్చింది, విజిల్ మెడలో వేలాడుతుండగా. "ఆరు నెలలనుంచీ ఊదుతున్నానమ్మా. చూపించుకోరా అంటే వినడు, ఉద్యోగం పీకేస్తారని భయం. నేనున్నాగా అనుకున్నా. ఇవాళ ఆ చిల్లర గొడవ రాకపోతే..."

"అక్కా, నువ్వూరుకో. మోసమేం కాదిది" అన్నాడతను. "నేనెవర్నీ గుద్దలేదు."

"ఇంకా గుద్దలేదు" అందామె.

ఫోను వణికింది. కెప్టెన్. అయిదయింది, అవునా కాదా? చెప్పులు కింద పడేసి, ఆ చేతి బొటనవేలితో రాసింది. కాదు. ఎవర్నీ తీసెయ్యొద్దు. గోడలు కట్టనిది నేను, వాళ్లు విన్నారంతే. ఆ ముప్పై ముగ్గురి సంగతి నాకు తెలీదు, జనం ఎందుకు పోతున్నారో కూడా నాకు తెలీదు, రేపొచ్చి మాట్లాడతాను. పంపేసింది. ఉద్యోగం ఉంటుందో పోతుందో అదీ తెలీదు. తెలిసింది రెండో చేతిలో ఉంది, అరచేతిలో గుచ్చుకుంటోంది.

తలుపు దగ్గరికి ఎవరో సంచులతో వచ్చారు. "బండి ఎన్నింటికి కదుల్తుందండీ?"

ఆడవాళ్లిద్దరూ అతనివైపు చూశారు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి అతను చాలాసేపు కూర్చున్నాడు, వేళ్లు ఒక్కొక్కటే వదులుతూ.

"ఈ బండి కదలదు" అన్నాడు. "వెనకదాంట్లో ఎక్కండి."

సంచులు వెళ్లిపోయాయి. అప్పుడు తిప్పాడు తల, ఎడమకి, మెల్లగా. చూపు ఆమె భుజాన్ని దాటిపోయింది, వెనక్కొచ్చింది, మళ్లీ దాటిపోయింది. "పిచ్చుకా, ఉన్నావా?"

ఆమె ముక్కు ఎగపీల్చింది.

"దొరికావ్" అన్నాడు.